లాభం, రెండు, మూడు

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే నేను నవ్వేసి లేచిపోయేవాణ్ని. ముత్తంగి జంక్షన్ దగ్గర సర్వీసు రోడ్డు మీద నాకో కార్ల షెడ్డు ఉంది. యాక్సిడెంటు అయిన బండ్లు ఎన్నో వస్తుంటాయి. మధ్యాహ్నం భోజనం అయ్యాక వాటిల్లోనే ఏదో ఒకదాని వెనక సీట్లో హాయిగా కునుకు తీసే మనిషిని నేను. మా ఆవిడ ఎంత తిట్టినా మానలేదు. పోయినవాళ్లకు నా నిద్ర చెడగొట్టడం తప్ప వేరే పనులుండవా అని ఆమెనే ఎదురు అడిగేవాణ్ని.

నా నమ్మకం ఒకటే. బండిలో శబ్దం వచ్చిందంటే దాని వెనక ఒక పార్టు ఉంటుంది. పార్టు లేకుండా శబ్దం రాదు. షెడ్డు మీద బోర్డు కూడా ఆ ధీమాతోనే రాయించాను: "ఇంజన్ శబ్దములు విని చెప్పబడును." అది చదివి నవ్వుకుంటూ పోయేవాళ్లు చాలామందే ఉన్నారు. నా చెవుల గురించి నేను కాస్త గొప్పలు చెప్పుకుంటాను. మీరు ఓర్చుకోవాలి.

బస్సులో పోతూ ఆ బోర్డు చూసి, మర్నాడే కారు వేసుకుని వచ్చింది విజయమ్మ.

సంగారెడ్డిలో పప్పులు, ధనియాలు హోల్‌సేల్‌గా అమ్మే దుకాణం వాళ్లది. భర్త సత్యనారాయణ సేటు గుండెపోటుతో పోయి ఏడాది కూడా కాలేదు. ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన కారు ఇంటి ముందు ఊరికే దుమ్ము పట్టి ఉంటే చూడలేక, అరవైకి దగ్గరపడిన వయసులో ఈవిడ డ్రైవింగ్ స్కూల్లో చేరి, పట్టుబట్టి నేర్చుకుని, లైసెన్సు కూడా తెచ్చుకుంది. ఆ రోజు సంగారెడ్డి నుంచి మా షెడ్డు దాకా హైవే మీద ఒక్కతే నడుపుకుంటూ వచ్చింది. దారి పొడవునా థర్డ్ గేరు దాటలేదట. వెనక వచ్చిన లారీలవాళ్లు హారన్లు కొట్టలేక అలిసిపోయి ఉంటారు.

తలుపు తీసి చూస్తే పక్క సీట్లో ఒక ధనియాల సంచి ఉంది. దానికి బుద్ధిగా సీటు బెల్టు పెట్టి ఉంది.

"బెల్టు వెట్టకుంటె లొల్లి వెడ్తది తమ్మీ" అంది విజయమ్మ, నా చూపు గమనించి.

నిజమే. ఈ కారులో పక్క సీటు మీద బరువు పడి, బెల్టు పెట్టకపోతే బీప్‌మని మోగుతుంది. కూర్చున్నది మనిషో, సంచో బండికి తెలియదు. నేను పగలబడి నవ్వాను, ఆమె కూడా నవ్వింది. మా ఇద్దరికీ అక్కడే కుదిరింది.

నవ్వు ఆగాక అసలు సంగతి చెప్పింది. పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేయగానే ఇంజన్లోంచి కటకటమని చప్పుడు వస్తుంది. కొద్ది క్షణాలే. తర్వాత రోజంతా మళ్లీ రాదు. సేటు ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఎవరూ ఆ చప్పుడు వినలేదు. ఆమె స్టీరింగు పట్టిన మొదటి రోజు నుంచే మొదలైంది. కొడుకు కార్తీక్ పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాడు. అతను బండిని ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోయాడు. వాళ్లు ఆయిలు, ఫిల్టరు మార్చి చూశారు. చప్పుడు తగ్గలేదు. క్యామ్‌షాఫ్ట్ టైమింగ్ పని పడుతుందని, ఇంజన్ ముందు భాగమంతా విప్పాలని చెప్పి ఒక అంచనా రాసిచ్చారు. అది చూసి కార్తీక్‌కు గుండె జారిపోయింది. కారు అమ్మేద్దామన్నాడు.

"నీ చేతిల వడ్డంకనే ఖరాబైంది మమ్మీ, ఈ వయసుల నీకెందుకు ఇవన్ని అంటుండు తమ్మీ. అమ్ముతె అమ్ముదం, దానికేం లేదు. గని నిజంగ నావల్లనే ఖరాబైందా? గదొక్కటి జెప్పు. నావల్లనే అయితె ఇగ స్టీరింగు ముట్ట."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు, కారు వైపే చూసింది. నాకు చాలా బాధేసింది. ఆ క్షణం నుంచి చప్పుడు కన్నా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే నాకు పెద్ద పనైంది.

ఇక్కడ కొంచెం మా పని గురించి చెప్పాలి. ఇంజన్ లోపల ఒక గొలుసు ఉంటుంది. కింద తిరిగే షాఫ్టునూ, పైన వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్టునూ అది ఒకే తాళంలో తిప్పుతుంది. ఆ గొలుసు వదులు కాకుండా టెన్షనర్ అని ఒక పార్టు దాన్ని బిగించి పట్టుకుంటుంది. అది పట్టుకోవాలంటే దానికి ఆయిల్ ఒత్తిడి కావాలి. రాత్రంతా బండి నిలబడితే ఆయిల్ కిందికి దిగిపోతుంది. పొద్దున స్టార్ట్ చేశాక ఆయిల్ మళ్లీ పైకెక్కేదాకా, అరిగిన గొలుసు పక్కలకు కొట్టుకుంటుంది. రేకు డబ్బాలో ఎండు శనగలు పోసి ఊపినట్టు ఉంటుంది ఆ శబ్దం. పట్టించుకోకపోతే ఏదో ఒకరోజు గొలుసు ఒక పన్ను జారుతుంది, వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి, ఇంజన్ చేతికి రాదు.

ఈ జబ్బుతో చిక్కేమిటంటే రోజుకు ఒక్కసారే వినిపిస్తుంది. పొద్దున ఒకసారి స్టార్ట్ చేశారా, మళ్లీ మర్నాటిదాకా ఆగాల్సిందే. అందుకని కారు షెడ్డులోనే ఉంచుకుని విజయమ్మను బస్సెక్కించాను.

మర్నాడు పొద్దున నేను పొడుగు స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజన్‌కు, ఇంకో కొన చెవికి ఆనించి నిలబడ్డాను. మా షెడ్డులో పనిచేసే బిరంచి తాళం తిప్పాడు. కటకట శుభ్రంగా వినిపించింది. గొలుసు వైపు నుంచే. సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పింది నిజమే. కానీ ఆ అరుగుదల ఎన్నాళ్లదో విప్పితే గాని తెలియదు. విప్పాలంటే ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. కొడుకును అడిగి చెబుతానని విజయమ్మ ఫోన్‌లో అంది. అప్పటికి మేము ఆ బండిలో ఒక్క బోల్టు కూడా ముట్టుకోలేదు.

బిరంచి గురించి చెప్పకపోతే ఈ కథ నిలబడదు. నా వయసువాడే. ఒడిశా మనిషి. చాలా ఏళ్లు సూరత్‌లో పనిచేసి, కొత్తగా మా దగ్గరికి వచ్చాడు. ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉంటాడు. తాగడు, జోకులు వేయడు, ఎవరైనా జోకు వేస్తే అర్థం చెప్పమంటాడు. తెలుగు అప్పటికి కూరగాయలు కొనేంత మాత్రమే వచ్చు. అబద్ధం ఆడేంత ఊహాశక్తి ఆయనకు లేదని నేను నలుగురిలో అంటుంటాను, ఆయన కూడా అవునని తలూపుతాడు.

ఆ మర్నాడు నేను షెడ్డుకు వచ్చేసరికి కారు అప్పటికే స్టార్ట్ అయి ఉంది. నాకు ఒళ్లు మండింది. ఆ రోజు వినాల్సిన శబ్దం కాస్తా పోయింది కదా! నా బైకు స్టాండు వేయకముందే అరవడం మొదలుపెట్టాను. బిరంచి చెయ్యి ఎత్తి ఆపాడు. శబ్దం రాలేదన్నాడు. చల్లటి ఇంజనే, రాత్రంతా ఎవరూ ముట్టుకోని బండే, అయినా స్టార్ట్ చేస్తే ఒక్క కటకట కూడా లేదన్నాడు.

"చాచా నే జైసా బోలా, వైసా కియా" అన్నాడు. పెద్దాయన ఎలా చెబితే అలా చేశాడట.

ఏ పెద్దాయన?

బిరంచి షట్టర్ ఎత్తి చీపురు అందుకునేసరికి కారు పక్కన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడట. తెల్ల చొక్కా, బక్కపలచటి మనిషి. ఆయన చేతిలో ఒక కొన ఏటవాలుగా కోసిన చిన్న ఇనుప గొట్టం ఉంది, దాంతో బానెట్ మీద మెల్లగా తట్టాడు. కస్టమర్ ఇంటి మనిషేమో అని బిరంచి నమస్కారం పెట్టాడు. తాళం సగం తిప్పి ఆగాలని, మూడు లెక్కపెట్టాక పూర్తిగా తిప్పాలని ఆయన హిందీలో చెప్పాడట. ఎలా లెక్కపెట్టాలో కూడా నేర్పాడట. బిరంచి అలాగే చేసి, ఇంజన్ నున్నగా తిరుగుతుంటే సంతోషంగా తల తిప్పి చూశాడు. పెద్దాయన లేడు. చాయ్‌కి వెళ్లి ఉంటాడనుకున్నాడు.

ఇదంతా చెప్పి, బిరంచి నన్నే ఒక ప్రశ్న అడిగాడు. రెండు, మూడు అనే మాటలు తనకు తెలుసు. మరి ఆయన ఒకటి అనాల్సిన చోట లాభం అన్నాడేమిటి? లెక్క మధ్యలో లాభం ఎందుకొచ్చింది?

నేను బైకు మీద అలాగే కూర్చుండిపోయాను.

మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు. మొదటి కుంచాన్ని లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది కొలత. కల్లం దగ్గర మా నాయన కూడా అలాగే కొలిచేవాడు. కరెంటు కాంటాలు వచ్చాక ఆ మాట నేనే విని ఎన్నో ఏళ్లయింది. సూరత్ నుంచి వచ్చిన ఒడిశా మనిషికి అది ఎక్కడ దొరికింది?

ఇంకో ముక్క కూడా ఉందన్నాడు బిరంచి. వెళ్లేముందు పెద్దాయన, "గల్తీ మేరీ హై, ఉస్కీ నహీ" అన్నాడట. తప్పు నాది, ఆమెది కాదు అని. అది ఎందుకన్నాడో తెలియక, షెడ్డులోకి అడక్కుండా వచ్చినందుకేమో అనుకున్నాడట.

విజయమ్మకు ఫోన్ చేశాను. ఎవరినైనా పంపారా అక్కా అని అడిగాను.

"ఎవల్ని పంపలే తమ్మీ. ఏమన్నడు గాయన?"

లాభం, రెండు, మూడు అని లెక్కపెట్టమన్నాడట అని చెప్పాను. తప్పు నాది అన్న మాట మాత్రం చెప్పలేదు. దాని అర్థం నాకే తెలియదు. అవతల ఆమె నవ్వింది. నవ్వుతూనే ముక్కు చీదుకుంది.

"మా ఆయనకు ఒకటి అనుడే రాదు తమ్మీ. బస్తాలైనా, మెట్లైనా, బీపీ గోలీలైనా లాభం అనే మొదలువెడ్తుండె. మంగళారతి ఎన్నిసార్లు తిప్పిండో గూడ గట్లనే లెక్క."

ఇనుప గొట్టం సంగతి అడిగాను. బస్తాలో గుచ్చి, లోపలి గింజలు తీసి చూడటానికి వ్యాపారులు వాడేది అదేనట. ఆయనది ఇప్పటికీ దుకాణం గల్లాపెట్టె పక్కనే ఉందట. ఆమె ఫోన్‌లో ఒక ఫొటో పంపింది. బిరంచికి చూపించాను. అవును, ఇదే అన్నట్టు "హాఁ, యహీ" అని, ఇంకేమీ అడక్కుండా పానా అందుకుని పక్క బండి కిందికి దూరాడు.

నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. తాళం సగం తిప్పి ఆగితే ఆయిల్ పైకెక్కదు. ఇంజన్ తిరిగితేనే పంపు తిరుగుతుంది. అలా ఆగి ఏం లెక్కపెట్టినా గొలుసుకు ఒరిగేదేమీ లేదు. ఈ మాట ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు. ఒక్కోసారి వాతావరణాన్ని బట్టి శబ్దం రాకపోవచ్చు కూడా. అందుకని మర్నాడు నేనే సీట్లో కూర్చుని, తాళం సగం తిప్పి, "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి స్టార్ట్ చేశాను. కటకట వినిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. చూశావా అన్నట్టు బిరంచి వైపు చూశాను.

ఆ తర్వాతి పొద్దున అదే సీటు, అదే తాళం. కాస్త సిగ్గుపడుతూనే "లాభం, రెండు, మూడు" అన్నాను. ఇంజన్ గుసగుసగా అందుకుంది. శబ్దం లేదు.

నేను మొండివాణ్ని. మళ్లీ ఒకటితో చూశాను, మళ్లీ లాభంతో చూశాను. హిందీలో ఏక్ దో తీన్ అని కూడా చూశాను. ఏక్ అన్న రోజు అన్నిటికంటే గట్టిగా కొట్టింది. పక్క పంచర్ షాపువాళ్లు పొద్దున్నే చాయ్ గ్లాసులతో వచ్చి, ఇవాళ ఏ లెక్క అని అడిగే దాకా వచ్చింది వ్యవహారం. నిజం చెప్పాలంటే ఆ వారం మా షెడ్డులో పండగలా గడిచింది. నా ధీమా పోతున్నా, పొద్దున ఎప్పుడవుతుందా అని నేనే ఎదురుచూశాను.

కార్తీక్ వరసగా రెండు రోజులు పొద్దున్నే వచ్చి రెండు రకాలుగానూ విన్నాడు. అతనిదీ లెక్కలు వేసే బుర్రే. "అట్లయితే విప్పుడెందుకన్నా? మమ్మీ రోజు లాభం అంటె సరిపాయె గద" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. శబ్దం ఆగినంత మాత్రాన అరిగిన గొలుసు కొత్తది కాదు. చనిపోయిన మనిషి పూచీ మీద బండిని రోడ్డు మీదికి పంపే ధైర్యం నాకు లేదు.

తేల్చింది విజయమ్మే. "ఇప్పు తమ్మీ. ఎంతయితె గంత. నావల్ల అయిందో లేదో నాకు తెల్వాలె."

విప్పాం. పైన కొత్త ఆయిల్ ఉండటంతో అంతవరకు శుభ్రంగా కనిపించింది గానీ, ముందు మూత తీయగానే లోపల అసలు రంగు బయటపడింది. చింతపండు గుజ్జులా నల్లటి మడ్డి పేరుకుపోయి ఉంది. గొలుసు సాగిపోయింది. అది రాసుకుపోయే ప్లాస్టిక్ పట్టీల మీద గోరు దిగేంత గాడి పడింది. టెన్షనర్ బయటికి రాగలిగినంతా వచ్చేసి, ఇక చాతకాక నిలబడి ఉంది. ఇది కొద్ది నెలల్లో జరిగే పని కాదు. ఏళ్ల తరబడి ఆయిల్ మార్చకుండా, ఇంకా బాగానే ఉందిలే అని నడిపితే వచ్చే అరుగుదల ఇది.

ఆ గాడి మీద వేలు పెట్టి చూస్తుంటే నాకు ఆ మాట గుర్తొచ్చింది. తప్పు నాది, ఆమెది కాదు. వెనక నిలబడ్డ బిరంచి కూడా అదే అనుకున్నట్టున్నాడు. మెల్లగా, "బోలా థా నా చాచా నే" అన్నాడు. చెప్పాడు కదా పెద్దాయన అని.

తల్లినీ కొడుకునూ పిలిపించి ఒక్కో పార్టూ చేతికిచ్చి చూపించాను. "ఇది మీరు నడిపిన నెలలది కాదక్కా, సేటు నడిపిన ఏండ్లది" అన్నాను. ఆ తర్వాత బిరంచితో పెద్దాయన అన్న ఆఖరి మాట కూడా చెప్పాను. కార్తీక్ ముఖం కిందికి దించుకుని, "సారీ మమ్మీ" అన్నాడు. విజయమ్మ ఆ గొలుసును చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఉన్నట్టుండి నుదురు కొట్టుకుంది.

"అందుకే! నువ్వు తాళమేసి జెర నిమ్మళంగ రా, నేను బండి తీస్త అని రోజు ముందుగాల్నే పోతుండె. నేను వొయ్యేవరకు ఇంజన్ గరమైతుండె. మాకు ఇనవడొద్దనే! ఈయనకు ఎరుకే తమ్మీ, అంతా ఎరుకే! నాకు తెల్వకుంట దాస్తవా?" అని, అక్కడ లేని మనిషిని వేలెత్తి బెదిరించింది. తర్వాత కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతుంటే కళ్ల నీళ్లు వచ్చాయి. నాకూ వచ్చాయి.

కొత్త గొలుసు, టెన్షనర్, పట్టీలు వేశాం. మడ్డి అంతా కడిగాం. క్యామ్‌షాఫ్ట్ గుర్తులు ఒకటికి రెండుసార్లు చూసుకుని బిగించాం. తర్వాత పొద్దున్నే ఒకటి అన్నా, ఏక్ అన్నా, ఏమీ అనకపోయినా శబ్దం రాలేదు. నా లోకం మళ్లీ నా చేతికి వచ్చిందని ఊపిరి పీల్చుకున్నాను.

బండి తీసుకుపోవడానికి తల్లీ కొడుకులు పొద్దున్నే బస్సు దిగి వచ్చారు. విజయమ్మ సీట్లో కూర్చుని, తాళం సగం తిప్పి, పంచర్ షాపుదాకా వినిపించేలా "లాభం! రెండు! మూడు!" అని స్టార్ట్ చేసింది. ఇక ఆ అవసరం లేదని నేను చెప్పలేదు. ఇంజన్ హాయిగా పాడుతోంది. అందరం చప్పట్లు కొట్టాం.

కార్తీక్ ముందు తలుపు తీయబోయాడు. బిరంచి గబగబా వచ్చి వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ముందట ఖాళీనే ఉంది గద?" అన్నాడు కార్తీక్. బిరంచి నా వైపు ఇబ్బందిగా చూశాడు.

అప్పుడే మోగింది బీప్.

పక్క సీట్లో సంచి లేదు, కనీసం ఫోన్ కూడా లేదు. నేను కిటికీలోంచి వంగి మరీ చూశాను. విజయమ్మ కూడా ఆ సీటు వైపు చూసింది. ఆమె ముఖంలో భయం అనేది లేదు. పెళ్లిచూపుల్లో కూడా అంత వెలుగు వచ్చి ఉండదు.

"ఇన్నేండ్లు నేను గూసున్న గద పక్కన. ఇగ నువ్వు గూసో" అంది. చెయ్యి చాపి ఆ ఖాళీ సీటు బెల్టు లాగి టక్కున పెట్టింది. "వెట్టకుంటె లొల్లి వెడ్తది."

బీప్ ఆగిపోయింది. "ఎనక గూసో బిడ్డా" అంది కొడుకుతో. కార్తీక్ వెనక కూర్చున్నాడు.

కారు సంగారెడ్డి వైపు రోడ్డెక్కింది. నా చెవులు చెడిపోలేదు కాబట్టి చెబుతున్నాను, కనుచూపు మేర దాటకముందే ఆమె ఫోర్త్ గేరు వేసింది.

తర్వాత సర్వీసుకు వచ్చినప్పుడు ఆ సీటు సెన్సర్‌ను స్కానర్ పెట్టి చూశాను. సంచి పెడితే మోగింది, తీస్తే ఆగింది. ఎంత కెలికినా తప్పు దొరకలేదు. వైరింగు బాగుంది, సెన్సర్ బాగుంది. షెడ్డు మీద బోర్డు ఇంకా అలాగే ఉంది. ఆ ఒక్క శబ్దానికి మాత్రం నాకు ఇప్పటికీ పార్టు దొరకలేదు.